రెండు ముద్దల పెళ్లికొడుకు

ఫయాజ్, కౌసర్‌ల పరిచయం కొట్లాటతోనే మొదలైంది. ప్రొద్దుటూరులో కౌసర్ పనిచేసే మెడికల్ షాపుకు ఫయాజ్ వానలో తడుస్తూ వచ్చి, బరువు తగ్గే ఇంజెక్షన్ అడిగాడు.

"డాక్టరు చీటీ ఏదప్పా?"

"చీటీ ఎందుకు? నన్ను చూస్తే తెలీల్యా?"

"నాకు తెలుస్తాది. రూల్‌కు తెలీదు. ఫోన్లో వీడియోలు చూసి సూదులు పొడుచుకుంటారా?"

ఫయాజ్ అలిగి వెళ్లిపోయాడు. కడపలో డాక్టరుకు చూపించుకుని, చీటీ తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ఆమె నవ్వింది. అంతే, మనవాడు పడిపోయాడు. ఆ తర్వాత దగ్గు లేకున్నా దగ్గుబిళ్లల కోసం రావడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు ఆమె కూడా అతని కోసం ఎదురుచూసింది.

"ఇంజెక్షన్ సంగతి ఎవురికీ చెప్పొద్దు" అని బతిమాలాడు. "వాకింగ్ చేసి తగ్గినానని మా నాయన ఊరంతా చెప్పుకుంటాండాడు." చెప్పనని కౌసర్ మాటిచ్చింది.

నిజమే. బట్టల అంగడి గఫూర్ తన కొడుకు సన్నబడ్డ కథ చెప్పి చెప్పి, ప్రొద్దుటూరులో సగం మందిని పొద్దున్నే రోడ్డెక్కించాడు. పాపం, వాళ్లలో ఒక్కరూ తగ్గలేదు.

చివరికి తండ్రీకొడుకులు సంబంధం మాట్లాడటానికి జమ్మలమడుగులో కౌసర్ ఇంటికి వెళ్లారు. ఆ ఇళ్లలో ఒక పట్టింపు ఉంది. వడ్డించింది పిల్లోడు కడుపారా తింటే పిల్ల నచ్చినట్టు. చెయ్యి కడిగేసుకుంటే నచ్చనట్టు.

కౌసర్ అమ్మ ఖమ్రున్నీసా బిర్యానీ కుప్ప పోసింది. ఫయాజ్ రెండు ముద్దలు మింగాడు. మూడోది గొంతు దిగలేదు. ముందురోజే సూది వేసుకున్నాడు మరి!

"ఇంకొంచెం తిను నాయనా."

"చాలత్తా."

ఆమె ముఖం మాడిపోయింది. "పిల్ల నచ్చలేదంటే నోటితో చెప్పొచ్చు గదప్పా."

గఫూర్ కొడుకు తొడ గిల్లాడు. "తినరా, నా పరువు తీస్తాండావు!"

తలుపు దగ్గర నిలబడ్డ కౌసర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పనని మాటిచ్చింది కదా, నోరు విప్పలేదు. ఆ కళ్లు చూశాక ఫయాజ్‌కు నాయన పరువు గుర్తుకు రాలేదు.

"అత్తా, మీ పిల్లంటే నాకు ప్రాణం. నేను తగ్గింది వాకింగ్‌తో కాదు, ఇంజెక్షన్‌తో. డాక్టరే రాసిచ్చినాడు. దాంతో ఆకలి చచ్చిపోయింది, అంతే."

గఫూర్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అయిపాయ! రేపు వాకింగోళ్లు నన్ను తరుముకుంటారు."

కౌసర్ నాన్న జియావుల్లా గొంతు సవరించుకున్నాడు. ఆయన పళ్లెంలోనూ గరిటెడే ఉంది.

"పిల్లోణ్ణి ఏమీ అనొద్దు. పోయినేడు బెంగళూరులో నాకు చేసింది పిత్తాశయంలో రాళ్ల ఆపరేషన్ కాదు. బరువు తగ్గనీకి పొట్ట చిన్నది చేయించుకున్నా."

ఖమ్రున్నీసా చేతిలో గరిటె ఆగిపోయింది. "అంటే మీరు సరిగా తినంది నా వంట చేదయ్యి కాదా? నా మీద మనసు విరిగిందనుకుని యేడాదిగా ఏడుస్తాండా గదా!"

"చెప్పనీకి సిగ్గయ్యింది ఖమ్రూ. నీ వంటకేం తక్కువ?"

ఆమె కళ్లు తుడుచుకుంది. ఫయాజ్ పళ్లెంలో మిగిలిన బిర్యానీ అంతా తీసి గఫూర్ పళ్లెంలో వేసింది.

"మీరు వాకింగ్ చేస్తారు గదన్నా, మీరు తినండి."

కౌసర్ ఒకే ఒక్క స్పూను సేమియా తెచ్చి ఫయాజ్ ముందు పెట్టింది.

"ఇది తింటారా?"

"స్పూనుతో సహా" అన్నాడు ఫయాజ్.