రెండు కోట్ల బోణీ

పోయింది పసుపు రాసిన రిజిస్టరు. షాపులో కొంటే ఎనభై రూపాయలు. దానికోసం సుహాసిని ఏడుస్తుంటే భోగాపురం ఎస్.ఐ. పద్మకుమారికి మొదట విసుగొచ్చింది.

"ఏటమ్మా, పుస్తకం పోతే కంప్లయింటా?"

"అందులో నలభై మూడు కుటుంబాలున్నాయి మేడమ్. పేర్లు, ఫోన్ నంబర్లు, బడ్జెట్లు."

సుహాసిని చీపురుపల్లి కిరాణా వ్యాపారుల ఇంటి పిల్ల. ఇప్పుడు రియల్ ఎస్టేట్ ఏజెంటు. ఎయిర్‌పోర్టు రోడ్డులో నరసింగరావు విల్లా అమ్మిపెట్టే పని ఆమెది. ఆదివారం తలుపులన్నీ తెరిచి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చని ఓపెన్ హౌస్ పెట్టింది. జనం విరగబడి వచ్చారు.

బుధవారంలోగా కొనేవాళ్ళను చూపించకపోతే విల్లా వేరే ఏజెంటుకి ఇచ్చేస్తానని నరసింగరావు తేల్చి చెప్పాడు. వచ్చినవాళ్ళకు ఫోన్ చెయ్యాలంటే ఆ పుస్తకమే దిక్కు.

"ఎప్పుడు పోయింది?"

"ఒంటిగంటా పదికి ఉన్నాది. ఒకటీ ముప్ఫై ఐదుకి లేదు. ఆ టైములో అందరం పెరట్లో పులిహోర తింతన్నాం."

"వేరే ఏజెంటంటే ఎవరు?"

"ఎస్.కోట లక్ష్మణరావు గారు. నాకు పని నేర్పిన గురువు. నిన్న ఆయనా వచ్చారు."

"ఇంకా?"

"పక్క వెంచరు ఏజెంటు ధర్మేంద్ర. గేటు కాడ నిలబడి నాకొచ్చిన కార్లు లెక్కెట్టాడు. పులిహోర టైము వరకు పుస్తకం టేబుల్ దగ్గర నా అసిస్టెంటు బిందు."

"పుస్తకంలో మొదటి పేరెవరిది?"

"అది కొనే పార్టీ కాదు మేడమ్, బోణీ. మా షాపుల్లో కొత్త పుస్తకం తెరిస్తే మంచి చెయ్యి ఉన్నోళ్ళ పేరు ముందు రాయిస్తాం. శనివారం నేనూ బిందూ వెళ్ళి రాయించుకొచ్చాం."

అది ఎవరి పేరో, దాని పక్కన ఏం రాసుకుందో సుహాసిని చెప్పింది. పద్మకుమారి విసుగు అక్కడితో పోయింది.

సోమవారం సాయంత్రం నాలుగు గంటలు. ముగ్గురినీ విల్లాకి పిలిపించింది. అక్కడి వంటగది చూసి, తన పోలీసు క్వార్టర్సు గుర్తొచ్చి, ఆమెకే కడుపు మండింది. ఇక ఏజెంట్ల సంగతి చెప్పాలా?

"ధర్మేంద్రా, కార్లెందుకు లెక్కెట్టావు?"

"కుళ్ళు మేడమ్. దాసడం ఎందుకు? నా వెంచరుకి నెలకి నాలుగు కార్లు రావు. పుస్తకం మాత్రం నేను తియ్యలేదు."

"బిందూ?"

"చాకిరీ నాది, పేరు అక్కది. మంటగానే ఉంటాది. అయినా తియ్యలేదు."

"లక్ష్మణరావు గారూ, మీరెన్ని గంటలకొచ్చారు?"

"నాకేటి అసూయమ్మా? నేను నేర్పిన పిల్ల! ఆ పుస్తకం మొహమైనా సూడలేదు. పులిహోరెట్టి ఇల్లమ్మేస్తారేటి?"

అడిగింది టైము. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది జవాబు.

పద్మకుమారి తలుపు తీసింది. తెల్ల పంచె, భుజాన కండువాతో ఒక ముసలాయన లోపలికొచ్చాడు.

"ఈయన జగన్నాధం గారు." అంతే చెప్పింది.

ధర్మేంద్ర ఒకసారి తలెత్తి, మళ్ళీ ఫోన్ చూసుకున్నాడు. బిందు నవ్వాపుకుంది. లక్ష్మణరావు మాత్రం చటుక్కున లేచి తన కుర్చీ ముందుకు జరిపాడు.

"రండి బాబుగారూ, కూర్సోండి! మీ రెండు కోట్లకి ఇదేటండి? ఎస్.కోట రోడ్డులో తూర్పు ఫేసింగు, బెమ్మాండమైంది సూపిస్తాను."

ముసలాయన బిత్తరపోయాడు. "రెండు కోట్లేటి బాబూ? చీపురుపల్లి టేసను కాడ కొబ్బరిబొండాలు అమ్ముకుంతన్నాను."

కుర్చీ పట్టుకున్న లక్ష్మణరావు చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"బోణీ ఘనంగా ఉండాలని ఈయన పేరు పక్కన బడ్జెట్టు రెండు కోట్లని రాసుకుంది సుహాసిని," అంది పద్మకుమారి. "ఈయనకి ఫోన్ లేదు, నంబరు రాయలేదు. నిన్న ఇక్కడికి రానేలేదు. ఈయన్ని రెండు కోట్ల పార్టీ అనేది లోకంలో ఆ పుస్తకమొక్కటే. అసలు సంగతి బిందుకి తెలుసు. ధర్మేంద్రకి పేరే తెలీదు. పుస్తకం చదివి నమ్మింది మీరొక్కరే."

రిజిస్టరు లక్ష్మణరావు కారు సీటు కింద దొరికింది. సుహాసిని దాన్ని గుండెలకు హత్తుకుంది. బుధవారానికి ఇంకా రెండు రోజులున్నాయి.

"ఇరవై రెండేళ్ళు బండి మీద తిప్పి ఇళ్ళు సూపించాను," అన్నాడు లక్ష్మణరావు. "నన్నెతుక్కుంటూ ఒక్కరోజులో నలుగురు రాలేదు. నిన్న ఈ పిల్ల గుమ్మంలో సెప్పులు విడవడానికి సోటు లేదు. ఓర్సుకోలేకపోయాను."

పద్మకుమారి పేజీలు తిప్పింది. కొన్ని పేర్ల పక్కన టిక్కులున్నాయి.

"వీళ్ళకి ఫోన్ చేశారా?"

"పదకొండు మందికి."

"ఏమన్నారు?"

"నా పేరు సెప్పకముందే అందరిదీ ఒకే మాట. సుహాసిని గారి ఆఫీసు నుంచేనా, అని."

"మీరేమన్నారు?"

లక్ష్మణరావు శిష్యురాలి వైపు చూడలేకపోయాడు.

"అవునన్నాను."