ఆపరేషన్ చిన్న రసం

"నూజివీడు వెళ్ళాలయ్యా," అన్నారు చీఫ్ లక్ష్మీనరసింహారావు, ఫ్యాన్ కింద కూర్చుని మజ్జిగ తాగుతూ. దేశ రహస్యాలన్నీ ఆయన మజ్జిగ వేళే చెబుతారు.

"కేసేంటి సార్?" అడిగాడు ఏజెంట్ జోజి.

"అక్కడో స్కూలుంది. పెద్దవాళ్ళకి సోషల్ కసీనో గేమ్స్ తయారుచేయడం నేర్పుతారు, చేత్తో చేయించి మరీ. స్లాట్లు, తీన్ పత్తి, రూలెట్. అన్నీ ఉత్తుత్తి నాణేలే. కాగితాల మీద చాలా శుభ్రం."

"మరి మనకేం పని?"

"స్టూడెంట్లలో ప్రతి ఒక్కరికీ ఇంట్లో ఎవరో ఒకరు నేవీలో ఉన్నారు. పెళ్ళాం చేసిన గేమ్‌ని ఇన్‌స్టాల్ చేసుకోని మొగుడుంటాడా? గేమ్ తయారీకి స్కూలు వాళ్ళు ఇచ్చే సాఫ్ట్‌వేర్ కిట్‌లో స్పై ప్రోగ్రామ్ దాచారు. ఆ ఫోన్ ఏ ఓడ మీద ఉంటే ఆ ఓడ జాడ సముద్రం అవతలి ముఠాకి తెలిసిపోతుంది. కోర్సు చివర డెమో డే రోజు గేమ్స్ అన్నీ ఒకేసారి పబ్లిష్ చేస్తారట. మాధురి పంపిన కబురు."

మాధురి పేరు వినగానే జోజి చొక్కా కాలర్ సర్దుకున్నాడు.

ముసునూరు మామిడి వ్యాపారుల ఇంటి పిల్ల మాధురి. ముఠా ఆమెను టీచరుగా పెట్టుకుంది. ఆమె జీతం అక్కడ తీసుకుని, సమాచారం ఇక్కడ ఇస్తోంది. జోజి ఆమెను ఎన్నడూ చూడలేదు. ఏడాదిగా ఇద్దరూ ఒక తీన్ పత్తి యాప్ చాట్‌లో కోడ్ భాషలో మాట్లాడుకుంటున్నారు. పని మాటల మధ్యలో ఆమె వెటకారాలు దూరేవి. 'మీ చింతలపూడి వాళ్ళకి మామిడంటే ఆవకాయే. పనయ్యాక రండి, నా చేత్తో రసాలు తినిపిస్తాను' అని రాసిందోసారి. చూడని మనిషి మీద మనసు పడటం గూఢచారి చేయాల్సిన పని కాదు. జోజి పడ్డాడు.

"మధ్యలో కొన్నాళ్ళు కబురు లేదు. ఫోన్ పాడైందట, మళ్ళీ మొదలెట్టింది," అంటూ చీఫ్ ఒక పెన్ను ఇచ్చారు. "క్యాప్ తిప్పితే చుట్టుపక్కల సిగ్నళ్ళు, వైఫై చచ్చిపోతాయి. రాయడానికి పనికిరాదు."

చింతలపూడి మొబైల్ షాపు ఓనరుగా, నేవీలో బావమరిది ఉన్నవాడిగా జోజి స్కూల్లో కొత్త బ్యాచ్‌లో చేరాడు. లేత ఆకుపచ్చ చీర, నల్ల కళ్ళజోడుతో కారు దిగిన టీచరుని చూసి క్లాసంతా సర్దుకుని కూర్చుంది.

"పెద్దమ్మగారికి ఒంట్లో ఎలా ఉందండీ?" అన్నాడు జోజి, కారిడార్లో ఎదురుపడి.

"పథ్యం మానేసి పెరుగన్నం తింటోంది," అందామె నవ్వుతూ. కోడ్ సరిపోయింది.

పాఠం బాగా చెప్పేది. "రెండు బొమ్మలు కలవాలి, మూడోది అంచుదాకా వచ్చి జారిపోవాలి. అందినట్టే అంది అందకపోతేనే మనిషి మళ్ళీ నొక్కుతాడు," అనేది. చాట్‌లో ఉన్న కొంటెతనం మాత్రం ఆ గొంతులో లేదు. ఎదురుగా మొహమాటమేమోలే అనుకున్నాడు జోజి. ప్రేమలో పడ్డవాడికి సాకులు వెతకడం ఎవరూ నేర్పక్కర్లేదు.

జోజి పక్క సీటు లేయాది. భర్త ఇమ్మానుయేల్ సబ్‌మెరైన్‌లో పనిచేస్తాడు. నీళ్ళలోకి దిగితే నెలల తరబడి మాటుండదు. ఆమె స్లాట్ గేమ్‌లో చెర్రీలు, గంటలు లేవు. రొయ్యల వేపుడు, మడత మంచం, రైలు టిక్కెట్టు తిరుగుతుంటాయి.

"మూడు టిక్కెట్లు వరసగా పడితే జాక్‌పాటండీ," అంది సిగ్గుపడుతూ. "ఒడ్డుకొచ్చి ఫోన్ ఆన్ చేయగానే ముందు ఇదే ఆడాలని చెప్పాను ఆయనకి."

జోజి తన తెర వైపు తిరిగి కూర్చున్నాడు.

డెమో డే మధ్యాహ్నం మాధురి అతన్ని స్టాఫ్ రూమ్‌కి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"ఇక్కడ జరిగేది ఉత్త రిహార్సలే. అసలు అప్‌లోడ్ హనుమాన్ జంక్షన్‌లో, హైవే పక్కన టైర్ల గోడౌన్ నుంచి. మీ వాళ్ళని వెంటనే అటు పంపండి."

చీఫ్ పంపిన టీమ్ స్కూలు ఎదుటే మామిడి లారీలో కూర్చుని ఉంది. జోజి ఫోన్ తీసి 'జంక్షన్‌కి' అని టైప్ చేశాడు.

"అన్నట్టు, మాటిచ్చాను కదా!" అంటూ ఆమె బుట్టలోంచి ముగ్గిన చిన్న రసం తీసింది. ప్లేటులో పెట్టి, చాకుతో అటో చెక్క, ఇటో చెక్క కోసింది. రసమంతా ప్లేటులోకి కారిపోయింది. మిగిలిన పీచు ముక్కకి ఫోర్కు గుచ్చి అందించింది.

జోజి చేయి ఫోన్ మీదే ఆగిపోయింది.

బంగినపల్లిని కోస్తారు. రసాన్ని కోస్తారా ఎవరైనా? అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక ఊడదీసి, మొదటి సొన చుక్క పిండేసి నోట్లో పెట్టుకుంటారు. ఈ చుట్టుపక్కల పిల్లలకి పళ్ళు రాకముందే వచ్చే విద్య అది. పట్నం మనిషి కోస్తే నవ్వి ఊరుకోవచ్చు. ముసునూరు మామిడి షావుకారు కూతురు కోయదు. చచ్చినా కోయదు.

గోడౌన్ అబద్ధమని అతనికి తర్వాత తట్టింది. ముందు తట్టింది, ఈమె మాధురి కాదని, మాధురి ఇక లేదని.

"తినండీ," అందామె.

తిన్నాడు. ఏడుపుతో పాటు మింగాడు. "చాలా తియ్యగా ఉందండీ," అని, టైప్ చేసింది చెరిపేసి 'ఇక్కడే, ఇప్పుడే' అని పంపాడు.

హాల్లో స్కూల్ డైరెక్టర్ తరుణ్ మైకు పట్టుకుని అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నాడు. అందరి వేళ్ళూ పబ్లిష్ బటన్ల మీద ఉన్నాయి. లేయా కళ్ళు మూసుకుని ఏదో ప్రార్థించుకుని నొక్కింది. తెరల మీద పచ్చ గీతలు పరుగెత్తాయి. జోజి పెన్ను క్యాప్ తిప్పాడు. ఏమీ కాలేదు. సర్కారు సరుకు కదా! పంటితో పట్టి మళ్ళీ తిప్పాడు. గీతలన్నీ తొంభై తొమ్మిది శాతం దగ్గర గుడ్లప్పగించి నిలబడిపోయాయి.

తరుణ్ జేబులోకి చేయి పెట్టేలోపు మామిడి లారీ మనుషులు లోపలికొచ్చి అతని చేతులు విరిచి పట్టుకున్నారు. మాధురిగా నటించిన మనిషి వెనక తలుపు దాకా పరుగెత్తింది. అక్కడ జోజి నిలబడి ఉన్నాడు.

"ఎలా తెలిసింది?" అంది బేడీలు పడ్డాక.

"రసం కోశారండి."

ఆమెకి అర్థం కాలేదు.

"మాధురి ఎక్కడ?"

"ముసునూరు రోడ్డులో, పాడుబడ్డ కోల్డ్ స్టోరేజ్ వెనక. ఆమె ఫోన్లో కోడ్ మాట దొరికింది, రసాల సంగతి దొరికింది. అవతలి మనిషివి నువ్వెవరో మాత్రం ఎంత అడిగినా చెప్పలేదు."

మాధురి ప్రాణం పోయేదాకా దాచింది జోజి పేరే. ఆ పేరుతో బతకడం ఎంత బరువో అతనికి అప్పుడే తెలిసొచ్చింది.

హాలు ఖాళీ అవుతుండగా లేయా వచ్చింది. "నా గేమ్ ఏమవుతుందండీ?"

"చెరిపేయాలమ్మా. అందరివీ."

"టిక్కెట్లు కూడానా?"

"టిక్కెట్లు కూడా."

ఎందుకని ఆమె అడిగింది. చెప్పే అధికారం జోజికి లేదు. ఆమె బ్యాగు సర్దుకుని, కుర్చీ లోపలికి జరిపి వెళ్ళిపోయింది.

సాయంత్రం, కోల్డ్ స్టోరేజ్ దగ్గర్నుంచి వచ్చాక చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"శభాష్ జోజీ. ఒక్క ఓడ జాడ కూడా బయటికి పోలేదు," అన్నారాయన. గొంతు తగ్గించి, "ఆ అమ్మాయి మన రికార్డుల్లో లేదు, తెలుసుగా. వాళ్ళమ్మ సుభద్రగారికి రోడ్డు ప్రమాదమని చెబుతారు. నువ్వు అటు వెళ్ళకు."

"సరే సార్. రెండ్రోజులు సెలవు కావాలి."

"కారణం ఏం రాయమంటావు?"

జోజి ఆలోచించాడు. రాయదగ్గ కారణం ఒక్కటీ కనిపించలేదు.

"జ్వరం, సార్."

అవతల ఫ్యాన్ చప్పుడులో కాగితం తీసిన అలికిడి వినిపించింది.

"రాస్తాలే," అన్నారు చీఫ్ లక్ష్మీనరసింహారావు. "నాకూ ఇందాకట్నుంచి ఒళ్ళు వెచ్చగానే ఉందయ్యా."