పెంకులు దించిన ఇల్లు

ఆదివారం సాయంత్రం ఐదుంబావు. శంషాబాద్ దాటి హిమాయత్ సాగర్ వైపు వెళ్లే దారిలో ఒక పల్లె.

ఇంటి వెనక రేకుల షెడ్డులో శవం.

సిమెంటు బస్తాల మధ్య పడి ఉంది. పేరు గోపయ్య. డెబ్బై దాటిన మనిషి. షుగర్ పేషెంట్. రెండు చేతుల వేళ్లూ చితికి ఉన్నాయి. తలుపు రేకు మీద, లోపలివైపు, రక్తపు మరకలు.

ఇన్‌స్పెక్టర్ రేఖ లోపల ఎక్కువసేపు నిలబడలేకపోయింది. మే నెలాఖరు ఎండ. రేకులు ఇంకా కాలుతున్నాయి.

"మొదట చూసిందెవరు?"

"నేనే మేడం," అన్నాడు కొడుకు ఉపేందర్. "పొద్దటి సంది బాపు కోసం ఊరంత తిరిగిన. ఆఖరికి గీడ చూస్తే..."

"తలుపు?"

"బయట గొళ్ళెం పెట్టి ఉండె. అంత మేస్త్రీ పని మేడం. నిన్న సాయంత్రం పని బంద్ చేసి, లోపల మనిషున్నడో లేడో చూడకుంట గొళ్ళెం పెట్టిపోయిండు."

రేఖ ఇల్లు తిరిగి చూసింది. పాత మట్టిగోడల ఇల్లు. పక్కన రెండు కొత్త గదులు లేస్తున్నాయి. పాత ఇంటి వాసాలు మార్చడానికి పెంకులన్నీ దించేశారు. ఒక్క వంటింటి మీదే కప్పు మిగిలింది. గోపయ్య, కొడుకు, కోడలు ముగ్గురూ అందులోనే ఉంటున్నారు.

ఉపేందర్ మాటిమాటికీ మబ్బుల వైపు చూస్తున్నాడు.

"మేడం, పని ఆపియ్యరు గద? మిరుగం కార్తె దగ్గర పడ్డది. గోడల మీద వాన పడ్డదంటే ఇల్లంత మట్టికుప్పే."

తండ్రి శవం ఇంకా అంబులెన్స్ ఎక్కలేదు.

మేస్త్రీ కుర్మయ్యను బడంగ్‌పేట్ నుంచి పట్టుకొచ్చారు.

"గొళ్ళెం ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టిన. ఖాళీ షెడ్డుకు పెట్టిన. గోపయ్య తాత అప్పుడు అరుగు మీద కూసొని నన్ను తిడుతుండె."

"ఎందుకు?"

"రోజు తిట్టుడే మేడం. 'నేను తొక్కిన మట్టి ర ఇది, నీ సిమెంటు పగులుతది గని నా గోడ పగలది' అంటడు. ఒక్క గోడ కూలగొట్టనియ్యలె."

"కోపం వచ్చిందా?"

"ముసలోళ్ల తిట్లకు కోపానికొస్తే మేస్త్రీ పనెట్ల జేస్తం?"

సాక్షి లేడు. కొడుకు మాట ఒకటి, మేస్త్రీ మాట ఒకటి. కుర్మయ్య ఆ రాత్రి స్టేషన్‌లోనే ఉన్నాడు.

సోమవారం మధ్యాహ్నం పోస్ట్‌మార్టం డాక్టర్ ఫోన్ చేశాడు. రేఖ విన్నది. ఒకే ప్రశ్న అడిగింది. జీప్ తీయమంది.

గోపయ్య ఇంటి వాకిట్లో ముగ్గురినీ నిలబెట్టింది. ఉపేందర్, అతని భార్య పూర్ణిమ, కుర్మయ్య. వెనక కానిస్టేబుల్ జగన్.

"పూర్ణిమా, మీ మామ నోట్లో తులసి నీళ్లు పోసిందెవరు?"

"నేనే మేడం. శవాన్ని చూసినంక పోసిన. అందరు పోసేదే గద."

"పోస్తారు. కానీ చచ్చినవాడు మింగడు. తులసాకు నోట్లో లేదు. కడుపులో ఉంది."

పూర్ణిమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయన రేకుల వేడికి పోయింది ఆదివారం పగలు. ఆకు మింగింది కూడా ఆ పొద్దున్నే. శనివారం సాయంత్రం నుంచి షెడ్డులోనే ఉంటే, తలుపు తీసేసరికే చచ్చిపోయి ఉంటే, తులసి నీళ్లు ఎట్లా తాగాడు? సిమెంటులో తులసి మొలిచిందా?"



"వంటింట్లో క్యాలెండర్ చూశాను. నిన్న ధనిష్ఠ. ఆ నక్షత్రంలో ఇంట్లో ప్రాణం పోతే ఆర్నెల్లు ఇల్లు విడిచిపెట్టి పోవాలి. మాదీ పల్లెటూరే, నాకూ తెలుసు. పనంతా బంద్. పైన కప్పు లేదు. వానాకాలం మొత్తం గోడలు తడవాలి. చెప్పు ఉపేందర్."

చెప్పింది పూర్ణిమ.

"పొద్దుగాల లేపితే లేవలె మేడం. ఒళ్ళంత చెమట, సల్లగైండు. పాణం పోతున్నదనుకున్న. తులసి నీళ్లు పోస్తే గుటకేసిండు. పాణం ఇంట్ల పోవద్దని ఈయన అన్నడు. వాకిట్ల పండబెడితే పదిమంది చూస్తరు. గందుకే షెడ్డుల..."

"రాత్రి తిన్నాడా?"

"లేదు. షుగర్ గోళీ ఏసుకొని పన్నడు."

"షుగర్ పడిపోయింది, అంతే. దవాఖానకు తీసుకుపోతే మధ్యాహ్నానికి మళ్ళీ మేస్త్రీని తిట్టేవాడు. తనంతట తనే తెలివికి వచ్చాడు. తలుపు కొట్టాడు. విన్నారా?"

"ఇన్నం."

"ఎంతసేపు కొట్టాడు?"

"పగటి బువ్వ తినేదాంక."

కుర్మయ్య పక్కకు తిరిగి ఉమ్మేశాడు. "బువ్వెట్ల దిగిందవ్వా?"

రేఖ ఉపేందర్ దగ్గరికి వెళ్లింది.

"ఎందుకు తీయలేదు?"

"తులసి నీళ్లు పోసినంక మల్ల ఇంట్లకు తెస్తరా మేడం?" అన్నాడు ఉపేందర్. పంచాయితీలో న్యాయం అడుగుతున్నట్టు అడిగాడు. "ధనిష్ఠ పంచకమంటే ఐదు దినాలు. తెచ్చినంక పాణం ఇంట్ల పోతే? ఇల్లెవరు కట్టిస్తరు?"

రేఖ వెనక్కి తిరిగింది.

"జగన్, ఇద్దరికీ బేడీలు వెయ్. ఇల్లు, షెడ్డు సీజ్ చెయ్. కేసు తేలేదాకా ఒక్కరు కూడా లోపల అడుగు పెట్టొద్దు."

"కేసు ఎప్పుడు తేలుతది మేడం?" ఉపేందర్ అప్పుడు ఉలిక్కిపడ్డాడు.



జీప్ ఎక్కించారు. గాలి లేచింది. ఎర్రమట్టి దుమ్ము మొహాలకు కొట్టింది. ఉపేందర్ కమ్మీ పట్టుకుని వంగాడు.

"జగనన్నా, నీ కాళ్లు మొక్కుత. జర ఒక్కసారి దింపు. గోడల మీద టార్పాలిన్ కప్పొస్త. ఎంతసేపు పట్టదు."

జగన్ రేఖ వైపు చూశాడు.

"పోనియ్," అంది రేఖ.

బెంగళూరు హైవే ఎక్కేసరికి వాన మొదలైంది.

ఉపేందర్ అప్పుడు ఏడ్చాడు.