రబ్బరు దారం ముడి

మా ఆయన పోయాక, యాభై దాటిన తర్వాత అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి. నిదానంగా రాస్తాను గనుక కథ అక్కడక్కడ ఆగినా మన్నించండి.

1955. ఢిల్లీలో గూఢచారి శాఖ చీఫ్ ఫైలు మూసి తన ఏజెంటు శంకరన్న వైపు చూశాడు.

"పేరు వాల్టర్. విదేశీ ముఠా మనిషి. ఆదోనిలో దొరల కాలపు గోల్ఫ్ మైదానం చూసి, ఒక్క రోజు ఆడి పోతానని పర్మిట్ తీసుకున్నాడు. ఆట సాకు. తొమ్మిదో గుంటలో అతని కోసం ఒక బంతి పెట్టి ఉంటారు. లోపల మైక్రోఫిల్మ్. సరిహద్దు అవతల ఉన్న మన ఏజెంట్లు పదకొండు మంది పేర్లు."

"బంతి తీసేస్తే?"

"ముఠా దాక్కుంటుంది. దొంగ పేర్ల ఫిల్మ్ మార్చిపెట్టు. అతని సెక్రటరీ రూబీ మన మనిషే."

శంకరన్న చిరిగిన చొక్కా, తలపాగాతో గోల్ఫ్ కర్రల సంచీ మోసే కూలీగా ఆదోనిలో దిగాడు. గెస్ట్ హౌస్ ఏర్పాట్లు చూడడానికి రూబీ ఒకరోజు ముందే వచ్చింది. పట్టుచీర, లిప్‌స్టిక్, నల్లద్దాలు.

"ఇక్కడ గడ్డి లేదే" అంది.

"ఇసుక చాలు మేడమ్."

కోడ్ కుదిరింది. ఆమె అద్దాలు తీసింది. శంకరన్న గుర్తుపట్టాడు. ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో తన ఇంటికి రెండిళ్ల అవతల పెరిగిన రుద్రమ్మ. ఎవడితోనో బొంబాయికి లేచిపోయిందని ఆరేళ్లుగా వీధంతా చెప్పుకునే పిల్ల.

ఆమె ఒక్కటే అడిగింది. ఈ పని కాగానే తనను ఇంటికి పంపాలి, అమ్మను చూడాలి. రేపు సాయంత్రం నాలుగింటి బస్సు తానే ఎక్కిస్తానని శంకరన్న మాట ఇచ్చాడు.

తెల్లవారగానే ఇద్దరూ గుంటలోని బంతి తెచ్చి బ్లేడుతో కోశారు. లోపల కండెకు చుట్టిన నూలులా రబ్బరు దారం. విప్పుతుంటే అది తెగింది. రుద్రమ్మ వేలికొస నాలుకకు తాకించి, రెండు కొసలూ కలిపి మెలిపెట్టి ముడేసి, మిగిలిన తోక పంటితో కొరికేసింది. చేతివైపు చూడనైనా లేదు. చూస్తున్న శంకరన్నకూ వింతగా అనిపించలేదు. వాళ్ల ఇళ్లలో దారం తెగితే రోజుకు వందసార్లు జరిగే పని అది. ఫిల్మ్ మార్చి, మళ్లీ చుట్టి, బంతి అతికించి గుంటలో పెట్టారు. అసలు ఫిల్మ్ శంకరన్న తలపాగాలోకి పోయింది.

వాల్టర్ పొద్దుటి రైలుకు దిగాడు. గుంటల చుట్టూ గడ్డికి బదులు నూనె కలిపిన ఇసుక చూసి ముచ్చటపడ్డాడు. ఆ మైదానం వేసిన దొరల చరిత్ర వెంట నడుస్తున్న రూబీకి చెబుతూ హాయిగా ఆడాడు. తొమ్మిదో గుంటలో బంతి దొరికింది. జేబులో వేసుకుని పోతే సరిపోయేది. కానీ జాగ్రత్తపరుడు. రాతి మీద కూర్చుని చాకుతో కోసి దారం లాగాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఫ్యాక్టరీలో ఇలా ముడి వేయరు" అన్నాడు. "రూబీ, మీది నేతవాళ్ల ఇల్లని ఒకసారి చెప్పావు."

పిస్టల్ ఆమె గొంతుకు ఆనింది.

"అసలు ఫిల్మ్ ఎక్కడ?"

ఎన్నడూ చూడని పదకొండు మంది ఒకవైపు. కళ్లెదుట రుద్రమ్మ. శంకరన్న చెయ్యి తలపాగా మీదికి పోయింది. తర్వాత రాసిన రిపోర్టులో ఆ సంగతి లేదు గానీ, ఇచ్చేద్దామనే పోయింది.

"ఇయ్యొద్దన్నా" అంది రుద్రమ్మ. రెండు చేతులతో పిస్టల్ పట్టుకుని తన మీదికే లాక్కుంది.

పిస్టల్ పేలింది. వాల్టర్ దాన్ని విడిపించుకుని శంకరన్న వైపు తిప్పాడు. వేలు బిగిసే లోపల శంకరన్న చేతిలోని గోల్ఫ్ కర్ర పిడిలో దాచిన తుపాకీ పేలింది. అందులో ఉన్నది ఒకే తూటా. అది వాల్టర్ భుజం విరగ్గొట్టింది. వారంలో అతను ముఠా మొత్తం పేర్లు కక్కాడు.

"బస్సు ఎన్నింటికన్నా?" రుద్రమ్మ ఇసుకలో పడుకుని అడిగింది.

"నాలుగింటికి."

"ఇంకా టైముంది" అంది. ఆ తర్వాత మాట్లాడలేదు.

నాలుగింటి బస్సుకు ఎమ్మిగనూరు శంకరన్న ఒక్కడే పోయాడు. వేషం తీసే ఓపిక లేదు. రుద్రమ్మ తల్లి అంజనమ్మ గుంట మగ్గంలో కూర్చుని ఉంది. డిపార్ట్‌మెంట్ రూలు ప్రకారం, మీ కూతురు బొంబాయిలో టైపిస్టుగా చేస్తూ జ్వరంతో పోయిందని చెప్పాడు.

ఆమె మగ్గం మీద నుంచి చెయ్యి తీయకుండానే అడిగింది.

"కడాకు దాని దగ్గర ఎవురుండిరప్పా?"

"నేనుంటి సిన్నమ్మా."

ఆమె అతని చిరిగిన చొక్కా చూసింది. "ఢిల్లీలో పెద్ద ఉద్యోగమని మీ నాయన సెప్పుకుంటాండె. నువ్వేం పని సేస్తాండావు?"

"దొరలు ఆడితే బంతులేరతాండా."

"పోనీలే నాయనా" అంది అంజనమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ప్రాణం మీదికొచ్చే పని కాదు."

తిప్పమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు సి.బెళగల్‌లో ఉంటున్నాను.