పుస్తకం తెరిచి ఉన్నప్పుడు

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు దిద్దింది అరవై మూడో ఏట. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. చెయ్యి కూడా నెమ్మది. ఈ కాస్త కథకే చలికాలమంతా పట్టింది.

ఆ మంగళవారం పొద్దున సముద్రపు ఒడ్డునున్న మా స్కార్‌బరోలో సన్నగా వాన పడుతోంది. థెల్మా వంటింట్లో రొట్టెముక్కలు కాల్చి వెన్న రాసింది, టీ పెట్టింది, కుర్చీ లాక్కుని నాటకం పుస్తకం తెరిచింది. ఎదురుగా ఆమె భర్త క్లిఫర్డ్ డ్రేపర్, డెబ్బై ఎనిమిదేళ్ల నటుడు, ఉడికిన గుడ్డు పెంకుని చెంచాతో కొడుతున్నాడు.

ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. బల్ల మీద పుస్తకం తెరిచి ఉంటే నాటకంలో మాటలే తప్ప వేరే మాట ఉండకూడదు. ఫోను మోగినా, తలుపు తట్టినా ఎవరూ పలకరు. యాభై ఏళ్లుగా అంతే.

పెళ్లికి ముందు థెల్మా వారానికో కొత్త నాటకం ఆడే చిన్న కంపెనీలో తెర పక్కన కూర్చుని ప్రాంప్టింగ్ చెప్పేది. క్లిఫర్డ్ అక్కడే పళ్లెం మోసే నౌకరు వేషంతో మొదలుపెట్టాడు. తర్వాత లండన్ నాటకశాలలు, ఆ తర్వాత సినిమాలు. సినిమాల్లో ఎక్కువగా మొదటి అరగంటలోనే చచ్చిపోయేవాడు. ఒక్కదాంట్లో మాత్రం ఉరిశిక్ష వేసే జడ్జి. ఇప్పటికీ చేపల దుకాణం దగ్గర కనబడితే జనం "జడ్జిగారూ, ఇవాళ ఎవరికి శిక్ష?" అని ఆటపట్టిస్తారు. ఎన్ని వేషాలు వేసినా అతను మాట మరిచిపోతే అందించే గొంతు థెల్మాదే.

గురువారం కొత్త నాటకం. పక్షవాతం వచ్చిన ముసలి ఓడ సరంగు వేషం. ఆరేళ్ల తర్వాత దొరికిన పెద్ద వేషం. ఆఖరిది కావచ్చని ఇద్దరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

"మొదలెట్టవోయ్ మహానటా," అంది థెల్మా.

"తలుపు వెయ్యి. సముద్రం లోపలికొస్తోంది." క్లిఫర్డ్ సరంగు మాటల మధ్యలో ఆగాడు. "థెల్మా... నా కుడి చెయ్యి నాది కానట్టుంది."

ఆమె వేలు పేజీ మీద నడిచింది. "ఆ మాట లేదిక్కడ. 'నా కొడుకెక్కడ' అనాలి."

"చెయ్యి..."

"నా కొడుకెక్కడ."

"నా... కొడు..." మాట ముద్దగా వచ్చింది. పెదవి ఒక పక్కకి జారింది. చెంచా కింద పడింది.

థెల్మా కళ్లు మెరిశాయి. మూడు వారాలుగా దర్శకుడు ప్రాధేయపడుతున్నది దీనికోసమే.

"అదీ! ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా దీన్ని? పెదవి కూడా అలాగే ఉంచు."

అతను ఆమెనే చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అదీ బాగుందనుకుందామె. పేజీ తిప్పి కొడుకు మాటలు చదువుతూ పోయింది. అతను ఏవో శబ్దాలతో జవాబిస్తూ పోయాడు.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు జోసలిన్ బడిలో వంట చేస్తుంది. పనికి వెళ్తూ, నాన్నకిష్టమని ఆపిల్ కేకు పట్టుకుని వెనక తలుపు తీసుకుని వచ్చింది. పుస్తకం తెరిచి ఉండటం చూసి, చిన్నప్పటి అలవాటుగా గుమ్మంలోనే ఆగింది. అప్పుడు నాన్న మొహం చూసింది. కేకు చేతిలోంచి జారిపోయింది.

"అమ్మా! నాన్న నటించట్లేదు!"

ఆసుపత్రి వరండాలో తల్లీకూతుళ్లు నిలబడ్డారు.

"ఎంతసేపైందని డాక్టరు అడుగుతున్నాడు," అంది జోసలిన్.

"అరగంట... ఎక్కువేనేమో. బాగా చేస్తున్నాడనుకున్నానే."

"నీకేం చెప్పలేదా?"

"చెయ్యి నాది కానట్టుంది అన్నాడు."

"నువ్వేమన్నావు?"

థెల్మా గోడకి ఆనుకుంది. "ఆ మాట పుస్తకంలో లేదన్నాను."

జోసలిన్ నవ్వింది. వినడానికి బాగోని నవ్వు. "నా పదకొండో ఏట మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చాను, గుర్తుందా? మీరు రెండో అంకంలో ఉన్నారు. అంకం అయ్యేదాకా ఆ గుమ్మంలో ఏడుపు మింగుతూ నిలబడ్డాను. చివర్లో నాన్న ఏమన్నాడు? 'ఈ పిల్లకి ఓపిక ఎక్కువ' అని మెచ్చుకున్నాడు!"

"నువ్వు చెప్పి ఉండాల్సింది, తల్లీ."

"నాన్న చెప్పాడుగా ఇవాళ! చెప్తే ఏమైంది?"



గురువారం ఆ వేషం ఇంకొకతను పుస్తకం చేత్తో పట్టుకుని ఆడాడు. క్లిఫర్డ్ బతికాడు. "అవును", "టీ" అనే రెండు మాటలతో మిగిలాడు. ఇక రంగస్థలం లేదని డాక్టరు తేల్చేశాడు.

థెల్మా రోజూ మంచం పక్కన కూర్చునేది. చేతిలో పుస్తకం లేకుండా భర్తతో ఏం మాట్లాడాలో మొదట్లో తోచేది కాదు. ఒకరోజు జోసలిన్ మణికట్టు విరిగిన సంగతి థెల్మా అతనికి చెప్పింది. అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ పూట టీ కూడా అడగలేదు.

ఆరు వారాలకి ఇంటికి తెచ్చారు. ఆ ఆదివారం జోసలిన్ వచ్చింది. ఆసుపత్రిలో మాటలైన రోజు నుంచి తల్లితో అవసరానికి మించి మాట్లాడటం లేదు. అలవాటుగా గుమ్మంలో ఆగి బల్ల వైపు చూసింది. ఏమీ లేదు. పుస్తకాన్ని థెల్మా సొరుగులో, గుడ్డల అడుగున పెట్టేసింది.

జోసలిన్ వచ్చి నాన్న పక్కన కూర్చుంది.

అతను నోరు తెరిచాడు. "నొ..." అని ఆగిపోయాడు. మెడ నరాలు ఉబ్బాయి. "నొ... నొ..."

థెల్మా పెదవులు వాటంతటవే కదిలాయి. మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. యాభై ఏళ్ల అలవాటు. చేత్తో నోరు గట్టిగా మూసుకుంది. పొయ్యి మీద టీ కెటిల్ మరిగి కూత పెట్టింది. ఆమె లేవలేదు.

అతను ఎడం చేత్తో కూతురి చెయ్యి దగ్గరకి లాక్కున్నాడు. ఎముక వంకరగా అతుక్కున్న చోట బొటనవేలు పెట్టాడు.

"నొప్పా?" అన్నాడు.

జోసలిన్‌కి నలభై తొమ్మిదేళ్లు. "అవును నాన్నా," అంది. "చాలా నొప్పిగా ఉంది." ఇన్నేళ్లూ పుస్తకం తెరిచి ఉన్న చోట బల్ల మీద తల వాల్చి, చిన్నపిల్లలా బావురుమంది.

థెల్మా నోటి మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఆ వేళ్ల మీదుగా కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి.

గంటా నూకాలమ్మ
డెబ్బై నాలుగేళ్లు
ఇప్పుడు ఉంటున్నది స్కార్‌బరో, థెల్మా ఇంటికి రెండిళ్ల అవతల