నేలమాళిగ కిటికీ

"ఏయ్, మీ నేలమాళిగ కిటికీ ఎవరు తెరిచిపెట్టారు?"

ఖాళీ బకెట్టుతో గుమ్మంలో నిలబడి కాలిన్ నెవెనాతో అన్న మొట్టమొదటి మాట అదే. అప్పటికి ఇద్దరికీ పదహారేళ్ళు. ఆ పిల్ల సెలవులకి పక్కింటికి వచ్చినప్పుడల్లా కంచె మీంచి దొంగచూపులు చూడడమే కానీ, పలకరించే ధైర్యం ఏనాడూ చేయలేదు మన వీరుడు.

ఆ రోజు కాలిన్ వాళ్ళింట్లో పండక్కి పందిని కోస్తున్నారు. కాగుల కొద్దీ వేణ్ణీళ్ళు కావాలి. కుళాయి తిప్పితే చుక్క రాలేదు. బాల్కన్ కొండల్లోని ఆ ఊళ్ళో వాళ్ళ నీళ్ళ పైపు పక్కింటి స్తోయంకా అమ్మమ్మ నేలమాళిగలోంచి వచ్చేది. చలికాలంలో అక్కడ పొయ్యి ఆరినా, కిటికీ తెరిచినా, పైపులో నీళ్ళు గడ్డకట్టి ఇక్కడ కుళాయి మూగబోయేది.

"నేనే తెరిచా. పిల్లి లోపలికి రావాలని," అంది అమ్మమ్మ గారి మనవరాలు, ఏమీ ఎరగనట్టు.

"పిల్లి కోసం మా కొంప ముంచుతావా?"

"అబ్బ, అరవకు! వేణ్ణీళ్ళు తెస్తా, కరిగిద్దాం."

పైపుకి పాత గుడ్డలు చుట్టి, కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి వేణ్ణీళ్ళు పోస్తూ కూర్చున్నారు ఇద్దరూ. చివరికి లోపల మంచు విరిగి నీళ్ళు గలగలమన్నాయి. నెవెనా చప్పట్లు కొడుతూ గంతులేసింది. ఆ గలగల కాలిన్ చెవుల్లో అలా ఉండిపోయింది. ఆ తర్వాత చదువనీ, ఉద్యోగమనీ ఆమె రాకపోకలు తగ్గిపోయాయి.

మొన్న వసంతంలో అమ్మమ్మ పోయింది. ఆకులు రాలే రోజుల్లో నెవెనా ఒక్కతే పెట్టె ఈడ్చుకుంటూ వచ్చింది.

"నీళ్ళు కట్టేసి, పైపులు ఖాళీ చేసి, తాళం వేసుకుని పోతా. సాయం చేస్తావా?"

ఆ తాళం పడితే ఈమె మళ్ళీ ఈ కొండ ఎక్కదు. కాలిన్ నోటికొచ్చింది అనేశాడు.

"మరి మా అమ్మ ఏం తాగాలి? మంచు నమలాలా? మీ ఇంట్లో పొయ్యి వెలక్కపోతే మాకు నీళ్ళుండవు. ఈ చలికాలం నువ్వు ఉండాల్సిందే."

"బాగుంది వరస! మీ పైపుకి నేను కాపలానా?"

"పిల్లల పుస్తకాలకి బొమ్మలేగా గీసేది, ఇక్కడ గీయి. కట్టెలు నేను కొట్టి పెడతా."

మూతి ముడుచుకుంది కానీ ఉండిపోయింది. కాలిన్ రోజూ కట్టెలు మోశాడు. అమ్మమ్మ ఉన్ని కోటు తెచ్చి పైపుకి చుట్టబోతే నెవెనా లాక్కుని, అందులో మొహం దాచుకుంది.

"ఇంకా ఆవిడ వాసనే వస్తోంది కాలిన్," అంది. కళ్ళు తడిశాయి. అతను తన కోటు విప్పి పైపుకి చుట్టాడు.

మళ్ళీ పండగ ముందు పందిని కోసే రోజు వచ్చింది. మంచు సన్నగా రాలుతోంది. పెరట్లో కాగు కుతకుతలాడుతోంది. కాలిన్ తల్లి రద్కా సారా గ్లాసు పైకెత్తి హుషారుగా అంది:

"ఈ ఏడు ఎవరి కిటికీకీ భయపడక్కర్లేదమ్మా! ఎండాకాలంలో మా వాడు నడుం లోతున తవ్వి కొత్త పైపు వేశాడు. వీధిలోంచి నేరుగా మా ఇంటికే!"

కాలిన్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. మెల్లగా నెవెనా వైపు తిరిగాడు.

"నెవెనా... అది..."

"తెలుసు. వచ్చిన రోజే నా పెట్టె చక్రం వీధిలోంచి మీ ఇంటి దాకా తవ్వి పూడ్చిన ఆ కొత్త మట్టిలో దిగబడింది."

"తెలిసీ ఎందుకున్నావు?"

"ఉండమని పైపు అడిగిందిగా. నువ్వెప్పుడు అడుగుతావా అని చూస్తున్నా."

రద్కా కాగు వదిలేసి నోరు తెరుచుకుని చూస్తోంది. కాలిన్ ఇక దేన్నీ లెక్కచేయలేదు.

"ఉండిపో నెవెనా. నా కోసం ఉండిపో. ఆ రోజు నుంచీ నువ్వంటే నాకు ప్రాణం."

"ఏ రోజు నుంచి?"

"పిల్లి కోసమని నువ్వు కిటికీ తెరిచిపెట్టిన రోజు..."

నెవెనా పకపకా నవ్వేసింది. కనురెప్పల మీది మంచు తుడుచుకుంటూ అతని దగ్గరికొచ్చింది.

"మొద్దూ! పక్కింట్లోనే పుట్టి పెరిగావు. మా అమ్మమ్మ దగ్గర ఏనాడైనా పిల్లిని చూశావా?"