పట్టీ కింద దూది

ఎస్తేరు మేడమ్ గోడకు అరచెయ్యి ఆన్చగానే ఎదుటి కుర్చీలో సులోచన ప్రత్యక్షమైంది. అదే తెల్ల యూనిఫాం, అదే ఒంటి జడ. ఇద్దరూ ఒకప్పుడు ఇదే హాస్టల్లో ఒకే గదిలో ఉన్నారు. ఎస్తేరుకు జుట్టు నెరిసింది, సులోచనకు ఇక నెరవదు. ఏటా ఈ పాఠం చెబుతున్నా ఆ మొదటి క్షణంలో ఎస్తేరు ఆమెను పేరుపెట్టి పిలవబోయి ఆగిపోతుంది.

"ఈమె మీలాగే ఇక్కడ నర్సింగ్ చదివింది," అంది విద్యార్థినులతో. "తన ప్రాణం తనే తీసుకుంది. చివరిరోజు దాకా ఈమె క్షేమపట్టీ ఆకుపచ్చగానే ఉంది. అందులో మిగిలిన గుర్తులతోనే ఈ ఛాయను అల్లారు. ఈమె లోపలున్న బాధను మీరు బయటికి రప్పించాలి."

క్షేమపట్టీ అందరి మణికట్టుకూ ఉంది. మనసు కుతకుతలాడితే చర్మం వేడెక్కుతుంది, పట్టీ ఎర్రబడుతుంది. ఎర్రబడ్డ పిల్లను విశ్రాంతి భవనానికి పంపుతారు. పేరుకే విశ్రాంతి. అక్కడికి వెళ్లిన పిల్ల మళ్లీ వార్డు మొహం చూడదు.

తాళ్లరేవు నుంచి వచ్చిన హిమజ ఛాయ ముందు కూర్చుంది.

"నిద్ర పడుతోందా అక్కా?"

"పడుతోంది."

"అన్నం తింటున్నావా?"

"శుభ్రంగా తింటున్నాను. బాగానే ఉన్నాను."

ఏ బ్యాచ్ అయినా ఇక్కడే ఆగిపోయేది. ఆ తర్వాత ఊపిరి నెమ్మదిగా తీసుకోమని చెప్పి, మార్కులు వేయించుకుని లేచిపోయేవారు. హిమజ లేవలేదు.

"చచ్చిపోవాలనిపిస్తోందా అక్కా?"

సూటిగా అడగమని నేర్పింది ఎస్తేరే. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదనీ, అడగకపోతేనే మనిషి ఒంటరవుతుందనీ గొంతు చించుకుని చెప్పేది. ఇంతవరకూ ఆ మాట ఎవరి నోటా రాలేదు.

ఛాయ హిమజ మణికట్టు వైపు చూసింది.

"నిన్నెవరైనా అడిగారా ఆ మాట?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "దూది ఆరిపోతోంది చెల్లీ. తడుపుకో," అంది.

ఆ మాట అర్థం ఎస్తేరుకు తెలుసు. స్పిరిట్‌లో తడిపిన దూదిని పట్టీ కింద పెట్టుకుంటే చర్మం చల్లగా ఉంటుంది, పట్టీ మోసపోతుంది. ఆ ఉపాయం కనిపెట్టిందే సులోచన. నర్సు పిల్లలకు తప్ప ఇంకెవరికి తడుతుంది అలాంటిది! ఇప్పుడు ఆ వాసన హిమజ చేతి నుంచి వస్తోంది.

"ఛాయలో దోషం. తుడిచేస్తున్నాం," అంది గోడలోని పర్యవేక్షణ గొంతు. కుర్చీ ఖాళీ అయింది. "బోధకురాలు హిమజ పట్టీని విప్పి పరీక్షించాలి."

హిమజ చెయ్యి వెనక్కి లాక్కుంది. "వద్దు మేడమ్. మీ కాళ్లు పట్టుకుంటాను. నేను బాగానే ఉన్నాను."

సులోచన మాటే, అక్షరం పొల్లుపోకుండా. విప్పితే ఈ పిల్ల చదువు ఇక్కడితో సరి. విప్పకుండా అంతా సవ్యమేనంటే వచ్చే ఏడు ఆ కుర్చీలో హిమజ ఛాయ కూర్చుంటుంది. ఎస్తేరుకు భయం వేసింది. ఆ భయం కన్నా కోపం ఎక్కువ వచ్చింది.

ఆమె తన పట్టీనే విప్పింది. దాని కింద నుంచి తడి దూదిని తీసి బల్ల మీద పడేసి, పట్టీ మళ్లీ పెట్టుకుంది. అది చూస్తుండగానే ఎర్రబడింది.

"బోధకురాలు వెంటనే విశ్రాంతి భవనానికి రావాలి."

ఎస్తేరు వెళ్లలేదు. ఖాళీ కుర్చీని హిమజ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?"

హిమజ పట్టీ కింద వేలు పెట్టి దూది లాగేసింది.

"అనిపిస్తోంది మేడమ్," అని బావురుమంది.

ఎస్తేరు ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "సరే. నేను ఎక్కడికీ పోను. మెల్లగా చెప్పు."

వెనక బెంచీలో ఎవరో దూది తీసి పారేశారు. పక్కనే ఇంకొకరు. గదంతా స్పిరిట్ వాసన నిండిపోయింది, పట్టీలన్నీ ఎర్రబడ్డాయి.

ఒకే గదిలో ఇంతమందికి బాధ ఉంటుందని గోడలోని గొంతుకు ఎవరూ నేర్పలేదు.

"పట్టీలన్నీ చెడిపోయాయి," అంది ఆ గొంతు. "మరమ్మతుకు మనిషిని పంపుతున్నాం."

"పంపండి," అంది ఎస్తేరు, హిమజ చేతులు వదలకుండానే. "వచ్చినవాణ్ణి కూడా ఆ మాటే అడుగుతాం."